రాత్రిబడిలో బహువచనపాఠము

సంతకము చేయగల సభ్యుడు సహకారసంఘమునకు బలము. వ్రాసినదానిని చదివి సరిచూచుకొనగల సభ్యుడు అంతకంటె బలము. తొందరలో వ్రాసిన 1 అంకెయు 7 అంకెయు పెక్కుమారు లొక్కతీరున కనబడును. అట్టిచోట అంకె ప్రక్కనున్న మాటయే సాక్షి. "బస్తా" అని యున్నచో ఒకటి. "బస్తాలు" అని యున్నచో అది ఒకటి కానేరదు. కావున బహువచనము పండితులకే కాదు, ఎరువు తెచ్చుకొను రైతునకును కావలసిన విద్య.

పెద్దలకు ఈ పాఠమును సూత్రముతో మొదలుపెట్టరాదని మా యభిప్రాయము. రైతు మాట నేర్చినది మొదలు ఎడ్లు, బండ్లు, కొడవళ్లు అనుచునే యున్నాడు. అతడు నేర్వవలసినది మాట కాదు, దాని వ్రాత. కావున మొదట అతని యింటి సొత్తునే పట్టిక వ్రాయింపవలెను. ఆవు–ఆవులు, మేక–మేకలు, గొఱ్ఱె–గొఱ్ఱెలు: ఇందు "లు" చేరినది, అంతియే. చెట్టు–చెట్లు, బండి–బండ్లు: ఇందు చివరి యచ్చు పోయి హల్లు "లు"తో కలిసినది. ఎద్దు–ఎడ్లు అనుచోట దకారము డకారము కూడ నైనది. నాగలి–నాగళ్లు, కొడవలి–కొడవళ్లు ఒక గుంపు. నుయ్యి–నూతులు, గొయ్యి–గోతులు, చెయ్యి–చేతులు వేఱొక గుంపు. ఈ గుంపులను విద్యార్థులే విడదీసినచో సూత్రము వారి నోటనే వచ్చును.

కొన్ని మాటలు ఎల్లప్పుడును బహువచనములే: వడ్లు, పాలు, నీళ్లు. పాలు "ఉన్నవి" అందుము గాని "ఉన్నది" అనము. చేనిలో కంది, గాదెలో పడినపిదప కందులు. ఇట్టి యుదాహరణములు రైతునకు చెప్పనక్కఱలేదు, అడిగిన అతడే చెప్పును.

ఇపుడు చేతిఫోను ఈ పనికి మంచి తోడు. తెలుగు విక్షనరీలో పెక్కు మాటల పుటలందు ఏకవచన బహువచనములకు ప్రత్యేకస్థానము కలదు. బ్రౌనుదొర 1852లో ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును అంతర్జాలమున ఉచితముగా వెదకి చూడవచ్చును. నోట పలికిన మాటను తెలుగక్షరములలో వ్రాసిచూపు సాధనము కూడ ఫోనులో నున్నది. విద్యార్థి "చెట్టు" అని, పిదప "చెట్లు" అని పలికి, అక్షరము మారుటను కన్నులార చూచును. అక్షరములు వెదకి నొక్కలేని వారికి ఇది మిక్కిలి మేలు.

అయినను యంత్రము మాటను తప్పుగా వినవచ్చును. విక్షనరీలో కొన్ని పుటలు అసంపూర్ణముగా నున్నవి. ఇండ్లు, ఇళ్లు అను రెండును ఒప్పే; ఫోను ఒకదానిని చూపెనని రెండవదానిని కొట్టివేయరాదు. తన యూరి మాటకు బడిలో నవ్వులపాలైన పెద్దవాడు మఱునాడు బడికి రాడు.

రాత్రికి పది మాటలు చాలును. ఫోనులో చూచినదానిని పుస్తకములో చేతితో వ్రాయింపవలెను; చేయి వ్రాసినది మనసున నిలుచును. వారమున కొకమాఱు నిజమైన రసీదునే పాఠముగా చదివింపవలెను.

సభ్యులారా! రసీదు పుచ్చుకొనునపుడు అంకెతోపాటు "ఏడు బస్తాలు" అని అక్షరములలో కూడ వ్రాయుమని యడుగుడు. వ్రాసినదానిని అక్కడనే నిలిచి, చివరి "లు" వఱకు చదివి, పిదప చేవ్రాలు చేయుడు.