బస్తాకు పట్టాలతో పనిలేదు

శ్రీకాకుళం జిల్లా నౌపడా స్టేషన్‌లో 1900 నుంచి శతాబ్దానికి పైగా రెండు రకాల పట్టాలుండేవి. హౌరా-మద్రాసు బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు, పర్లాకిమిడి వైపు వెళ్లే నేరోగేజిది 762. ఒకదాని వ్యాగను రెండోదాని మీద నడవదు. సరుకు దించి మళ్లీ ఎక్కించాల్సిందే. బస్తాలోని బియ్యానికి మాత్రం ఏ పట్టాలైనా ఒకటే. సరుకుకూ పట్టాలకూ ఉన్న ఈ తేడా జావా వెబ్ ఫ్రేమ్‌వర్కులకు తెలిసిరావడానికి కొన్నేళ్లు పట్టింది. 2000లో క్రెయిగ్ మెక్‌క్లానహన్ అపాచీకి అందించిన స్ట్రట్స్ అనే ఫ్రేమ్‌వర్కులో, ప్రోగ్రామరు రాసే ప్రతి యాక్షన్ చేతికీ సర్వ్‌లెట్ (వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే జావా భాగం) రిక్వెస్టు, రెస్పాన్సులే నేరుగా వచ్చేవి. కరెంటు బిల్లు వెతికే కోడుకు నిజంగా కావలసింది సర్వీసు నంబరు ఒక్కటే. అయినా అది సర్వ్‌లెట్ అనే పట్టాలకు అతుక్కుపోయింది. 2003లో పోర్ట్‌లెట్ (పోర్టల్ పేజీలో ఒక ముక్కను నడిపే జావా భాగం) ప్రమాణం వచ్చేసరికి ఆ యాక్షన్ అక్కడ నడవలేదు. పరీక్షించాలన్నా సర్వరు లేకుంటే ఉత్తుత్తి రిక్వెస్టు తయారుచేసుకోవాల్సి వచ్చేది.

2004లో అపాచీ కామన్స్ చెయిన్ లైబ్రరీలో వచ్చిన వెబ్‌కాంటెక్స్ట్ ఆ ముడి విప్పింది. పారామీటర్లు, హెడర్లు, సెషన్ విలువలు అన్నీ మామూలు మ్యాపులుగా కనిపిస్తాయి; వెనక సర్వ్‌లెట్ ఉందా, పోర్ట్‌లెట్ ఉందా అన్నది వాటివాటి అడాప్టర్లే చూసుకుంటాయి. ఇలాంటి ఇంటర్‌ఫేసులో ఏముండాలో పని అవసరమే తేల్చాలని నా వాదన. అన్ని పరిసరాల సౌకర్యాలనూ పోగుచేస్తే అది మోయలేని మూట అవుతుంది. అయితే మ్యాపులో పేరు తప్పు రాస్తే కంపైలరు పట్టుకోదన్న అభ్యంతరం నిజమే, ఆ నష్టాన్ని ఒప్పుకోవాలి. తరచూ వాడే విలువలకు టైపున్న మెథడ్లు పెడితే చాలావరకు తీరుతుంది. ఇంకొన్ని తేడాలు దాచినా దాగవు: పోర్ట్‌లెట్‌లో చర్య ఒక దశ, చూపడం మరో దశ, సర్వ్‌లెట్‌లో ఆ విభజనే లేదు. అలాంటి చోట వెనకున్న అసలు రిక్వెస్టును అందుకునే దారి ఉండాలి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్కులోని నేటివ్‌వెబ్‌రిక్వెస్ట్ ఆ దారిని బాహాటంగానే ఉంచింది, మంచి పని.

అసలు పరిసరం మార్చేదెవరు, ఈ శ్రమంతా ఎందుకని కొందరంటారు. కానీ పరిసరాలు మారుతూనే ఉంటాయి. నౌపడా నేరోగేజి కూడా 2011కల్లా బ్రాడ్‌గేజి అయిపోయింది. జావాలో 2020 చివర్లో జకార్తా ఈఈ 9 వచ్చి, సర్వ్‌లెట్ ప్యాకేజీ పేరులోని జావాఎక్స్‌ను జకార్తాగా మార్చేసింది. ఆ పేరు రాసుకున్న ప్రతి ఫైలునూ తెరిచి దిద్దాల్సి వచ్చింది. వెబ్‌కాంటెక్స్ట్ లాంటి తటస్థ కాంటెక్స్ట్‌ను మాత్రమే అడిగే యాక్షన్లకు ఆ అవసరం లేదు. అక్కడ మార్చాల్సింది అడాప్టరు ఒక్కటే.