బొబ్బిలి వీణ – దానిని చేసినవారు

సరస్వతీదేవి వీణకు కచ్ఛపి యనియు, నారదమహర్షి వీణకు మహతి యనియు పేళ్లు గలవని సోదరీమణు లెఱుగుదురు. వానిని చెక్కిన వడ్రంగి పేరు మాత్రము మేము చదివిన కావ్యములలో నెచ్చటను కానరాలేదు. నేటికిని స్థితి యట్లే యున్నది. ఈమని శంకరశాస్త్రిగారిని, చిట్టిబాబుగారిని సంగీతప్రియు లెల్లరు నెఱుగుదురు. వీణ చేయువా రెవ్వరని యడిగినచో చెప్పువా రరుదు.

బొబ్బిలి యనగానే మనకు 1757 నాటి యుద్ధము జ్ఞప్తికి వచ్చును. కత్తి పట్టిన యా యూరే వీణకును పేరుపొందినది. పని జరుగునది చేరువనున్న గొల్లపల్లిలో. అచట సర్వసిద్ధివారి కుటుంబములు సంస్థానాధీశుల యాదరణమున నారంభించి తరతరములుగా వీణలు చేయుచున్నవి. తంజావూరు వీణలలో పెక్కింటికి కుండ, దండి, తల వేర్వేఱుగా చేసి యతుకుదురు. బొబ్బిలివారు కుండను దండిని ఒకే పనసమొద్దునుండి తొలుతురు. అందుచేతనే దీనికి ఏకాండి వీణ యని పేరు. కుండపై కప్పు పలక మాత్రము వేఱు. మా సీమలోని ఉదయగిరిలో కఱ్ఱగరిటెలు చెక్కు నేర్పరులు గలరు. గరిటె చీలినచో మఱియొక ముక్క తీసికొనవచ్చును. ఇచట ఉలి యొక్కసారి తప్పెనా, దినములకొలది శ్రమయు మొద్దును గూడ వ్యర్థమే!

చెక్కడముకంటె కష్టమైనది మేళము కట్టుట. మైనమున మసి కలిపి దండిమీద పోసి, 24 మెట్లను ఒక్కొక్క స్వరము చెవితో విని నిలుపవలెను. వెండ్రుకవాసి జరిగినను స్వరము చెడును. మా సంగమువంటి యెండ మెండైన యూళ్లలో మైనము మెత్తబడి మెట్లు ఒఱగును. మా బంధువుల యింట నొక పాతవీణ యిట్లే మూగవోగా, చెడిపోయినదని తలచి పాతకఱ్ఱ క్రింద నమ్మివేయబూనిరి. చూడగా కుండయందు చిన్న బీటయైనను లేదు. పోయినది మైనమే కాని వీణ కాదు.

విదేశమున నిట్టి పనివారి కెట్టి గౌరవము కలిగెనో చూడుడు. 1879లో పోర్చుగీసువారి మదీరా ద్వీపమునుండి ముగ్గురు కొయ్యపనివారు హవాయిద్వీపములకు పోయిరి. తమ దేశపు చిన్న తంత్రీవాద్యమును అచటి కోవా కలపతో చేయగా అది ఉకులేలే యయ్యెను. దానికి నాలుగే తంత్రులు. ఆ మువ్వురిలో మాన్యుయల్ నూనెస్ తన పేరుగల చీటిని వాద్యము లోపల నంటించెడివాడు. నేడు పాత వాద్యములు సేకరించువారు ఆ చీటికొఱకే వెదకుదురు.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరిపేరు నిలిచినది, సంతోషమే. కాని పనసమాను దొరకుట కష్టమగుచున్నది. సన్మానసభలలో నిచ్చు చిన్న జ్ఞాపికవీణల గిరాకియే పనివారిని పోషించుచున్నది. అవి పలుకవు; అన్నము మాత్రము పెట్టును. కనుక మేము వానిని తక్కువచేసి మాటాడము. అయినను పెద్దవీణ నడుగువారు తగ్గినచో, చెవితో మెట్లు నిలుపు విద్య కొడుకునకు నేర్పుట యెట్లు?

మా బంధువు లా వీణను అమ్మలేదు. మేళము కట్టించుటకు పంపుచు, ఆ పని చేయువారి పేరును, ఊరును, తేదీని ఒక కాగితముపై వ్రాయించి పెట్టెలో నుంచుడని మేము చెప్పితిమి.