దాహమనుకొని పోసిన నీరు

బొబ్బిలిలోని మా మదరసా వరండాలో పదకొండు పూలకుండీలుండేవి. వుజూ చేసుకున్న పిదప లోటాల్లో మిగిలిన నీటిని పిల్లలు వాటిలో పోసేవారు. నీరు వృథా కారాదని వారికి ఆ అలవాటు నేర్పినవాణ్ణి నేనే. ఒక అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిసింది. ఎండ కాయగానే మా అమ్మీ స్వహస్తాలతో నాటిన మల్లె తలవాల్చింది. “హజ్రత్! దానికి దాహం వేస్తోంది” అంటూ ఒక విద్యార్థి మరో లోటా నీరు పోశాడు. నేను వారించలేదు. వారం తిరక్కుండానే మూడు గులాబీలు చనిపోయాయి.

మొక్కలమ్మే పెద్దాయన వచ్చి మల్లెకుండీని బోర్లించి చూశాడు. “ఏటండీ సాయిబుగారూ, నీరు తాగించి తాగించి సంపేసినారు!” అన్నాడు.

వేర్లు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల నడుమనున్న ఖాళీలు నీటితో నిండితే వాటికి ప్రాణవాయువు అందదు. అలా నీరసించిన వేర్లను పిథియం, ఫైటాఫ్తొరా వంటి సూక్ష్మజీవులు ఆక్రమిస్తాయి. వాటి బీజాలకు తోకలుంటాయి. నిలిచిన నీటిలో ఈదుతూ వచ్చి వేరును పట్టుకుంటాయి. (1845లో ఐర్లాండులో బంగాళాదుంప పంటను నాశనం చేసి ఘోరమైన కరువుకు కారణమైన తెగులు ఈ ఫైటాఫ్తొరా జాతిదే.) కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకు వాడిపోతుంది. చూసేవారికి అది దాహంలాగే కనిపిస్తుంది.

కనుక నీరు పోయడానికి ముందు వేలిని రెండు కణుపుల లోతుకు మట్టిలో దించి చూడాలి. తడి తగిలితే ఆ రోజుకు నీరు వద్దు. తడిమట్టిలో మొక్క వాడుతున్నదంటే దానిని పెకలించి చూడవలసిందే. ఆరోగ్యవంతమైన వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమరంగుకు తిరిగి, దుర్వాసన వేస్తూ, వేళ్లతో లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మాత్రమే మిగులుతుంది. అటువంటి వేర్లన్నిటినీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో తీసివేయాలి. వేర్లు తగ్గాయి గనుక కొమ్మలను కూడా కొంత కత్తిరించాలి. ఆపైన ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన కొత్త మట్టిలో, కాస్త చిన్న కుండీలో నాటి, నీడన ఉంచాలి. లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయవచ్చు; ఆ మందు పిల్లలకు అందరాదు. కొత్త చిగురు వచ్చేవరకు ఎరువు జోలికి పోవద్దు. పాత మట్టిని మరో కుండీలో వేయనే వద్దు.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే చాలునని చాలామంది నమ్ముతారు, నేనూ నమ్మాను. కాని రాళ్లపైన మట్టిలో నీరు నిలిచే ఉంటుంది. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు అడ్డుపెట్టి, కుండీని రెండు ఇటుకల మీదికెత్తడం మేలు. అడుగున పళ్లెముంటే అందులోని నీటిని పారబోయాలి. ప్లాస్టిక్ కుండీ కంటే మట్టికుండీ త్వరగా ఆరుతుంది. తుఫాను హెచ్చరిక వినగానే కుండీలను చూరు కిందికి జరపాలి.

మల్లెకు మూడు వేర్లు మాత్రమే మిగిలాయి. ఫిబ్రవరిలో ఒక చిగురు వేసింది, పువ్వు ఇంకా పూయలేదు. వుజూలో మిగిలిన నీటిని పిల్లలిప్పుడు పెరట్లోని జామచెట్టుకు పోస్తున్నారు.