కోడిపిల్లలలో పుంజును, పెట్టను గుర్తించుట

సభ్యులలో పలువురు గ్రుడ్లకొఱకు కోడిపిల్లలను కొని పెంచుచున్నారు. పిల్ల పెరిగి గ్రుడ్డు పెట్టుటకు సుమారు 5 మాసములు పట్టును. 20 పిల్లలను కొన్న రైతునకు అందు 15 పుంజులని మూడవ మాసమున తెలిసినచో, అంతవఱకు వేసిన నూకలును, తౌడును గ్రుడ్ల రూపమున తిరిగి రావు. కావున కొనునాడే భేద మెఱుంగుట లాభకరము.

మొదట నమ్మరాని గుఱుతులు: మొనదేలిన గ్రుడ్డున పుంజును, గుండ్రని గ్రుడ్డున పెట్టయు నుండునని కొంద ఱందురు. ఇది సరికాదు. ఒక పెట్ట పెట్టు గ్రుడ్లన్నియు ఇంచుమించు ఒకే యాకారమున నుండును. అయినను వానినుండి పుంజులును, పెట్టలును రమారమి సమముగా పుట్టుచుండును. దారమునకు సూది గట్టి పిల్లపై వ్రేలాడదీయుటయు నిట్టిదే.

నమ్మదగిన పద్ధతులు మూడు కలవు.

1. మలద్వార పరీక్ష: దీనిని జపాను శాస్త్రజ్ఞులైన మసూయి, హషిమోటోలు కనుగొనిరి. 1927లో కెనడాలోని ఒట్టావాయందు జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో ఇది వెల్లడియయ్యెను. పుట్టిన దినముననే మలద్వారమును విప్పి లోపలి చిన్న బొడిపెను జూతురు. అభ్యాసము లేనివారు చేసినచో పిల్లకు గాయమగును. రైతు లింటివద్ద దీనిని చేయరాదు.

2. రంగు: రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును లైట్ సస్సెక్స్ పెట్టతో జతపఱచినచో పుంజుపిల్లలు తెల్లగాను, పెట్టపిల్లలు ఎఱ్ఱగాను పుట్టును. జతను త్రిప్పినచో ఈ భేదము కనబడదు.

3. ఱెక్క: ఇందులకై ప్రత్యేకముగా తీర్చిన జాతులలో మాత్రమే ఇది చెల్లును. మొదటి దినమున ఱెక్కను విప్పిచూడుడు. క్రింది వరుస యీకలు పై వరుసకంటె పొడవుగా నున్న పెట్ట. రెండు వరుసలును సమముగా నున్నను, క్రిందివి పొట్టిగా నున్నను పుంజు. దినములు గడచినచో ఈ గుఱుతు చెడును.

మన నాటుకోళ్లయందు ఈ రంగు గుఱుతును, ఱెక్క గుఱుతును నమ్మరాదు. అచట ఓపికయే సాధనము. 6 మొదలు 8 వారములలో పుంజునకు తలపై జుట్టు పెద్దదై యెఱ్ఱబాఱును. కాళ్లు లావుగా నుండును. సుమారు 12 వారములకు మెడపైని, నడుముపైని యీకలు పుంజునకు మొనదేలియు, పెట్టకు గుండ్రముగాను వచ్చును. ఇది స్థిరమైన గుఱుతు.

సంతలలో రంగులద్ది యమ్ము పిల్లల విషయమున జాగరూకులై యుండుడు. హేచరీలలో పెట్టలను ఏఱివేయగా మిగిలిన గ్రుడ్లజాతి పుంజులే పలుమాఱు ఇట్లు అమ్మకమునకు వచ్చును. అవి గ్రుడ్డు పెట్టవు. మాంసమునకును అంతగా పెరుగవు.

కావున సభ్యులు కలసి హేచరీనుండి పిల్లలను తెప్పించుకొనుట మేలు. ఏఱిన పెట్టలా, ఏఱని పిల్లలా యని ముందుగా నడిగి, ఆ మాటను రసీదుపై వ్రాయించుకొనుడు. ఏఱని పిల్లలైనచో సగము మాత్రమే పెట్టలని లెక్కవేసి వెల నిర్ణయింపుడు. పిల్లలు పొదిగించువారు 10 పెట్టలకు ఒక మంచి పుంజు నుంచుకొని, మిగిలిన పుంజులను గుఱుతు తేలినవెంటనే అమ్మివేయుడు. ఆ మేత పెట్టలకు దక్కును.