ముసలి జీపుతో సంసారము

మా యింటి చావడి ప్రక్కనున్న పెంకుటి పాకలో ఒక జీపు గలదు. మా తండ్రిగారు దానిని 1961లో ఒక కలప కంట్రాక్టరు వద్ద కొనిరి. యుద్ధానంతరము సైనిక శాఖవారు మిగులు సామగ్రిని వేలము వేసినపుడు ఆ కంట్రాక్టరు దానిని పాడుకొనెనట. అది నేటికిని నడచుచున్నది. "నడచుచున్నది" అను మాటకు ఎన్ని అర్థములు గలవో పాతబండి గలవారికే తెలియును. గత సంవత్సరము అది మా తోటకు పదునొకండు మారులు వెళ్లినది. తనంత తాను తిరిగి వచ్చినది ఏడు మారులు.

ఇట్టి బండి యేల మొరాయించునో, దానిని బాగుచేయుట యేల యింత ప్రయాసయో చెప్పవలెనన్నచో, దాని పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. 1940లో, ఐరోపా ఖండమున యుద్ధము ముదిరిన వేళ, నాలుగు చక్రములకును ఇంజను బలము నందించెడి తేలికయైన చిన్న బండి కావలెనని అమెరికా సైన్యమువారు 135 కంపెనీలను కోరిరి. గడువు మిగుల స్వల్పము. పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బట్లరు పట్టణములోని బాంటం అను చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు గీసిన పటముల ననుసరించి, తొలి నమూనాను ఆ యేడు సెప్టెంబరు 23వ తేదీన సైన్యమున కప్పగించినది. పిదప పెద్దయెత్తున నిర్మించు భాగ్యము మాత్రము విల్లీస్, ఫోర్డు కంపెనీలకు దక్కినది. యుద్ధము ముగియునప్పటికి ఆ రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. మన దేశములో మహీంద్రావారు 1940వ దశాబ్దము చివర బొంబాయిలో జీపులను కూర్చుట ప్రారంభించిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సామాజికాభివృద్ధి పథకము మొదలైన తరువాత, బ్లాకు అధికారిగారి జీపు రేపిన దుమ్మును చూడని పల్లె అరుదు.

యుద్ధరంగములో బండి చెడినచో బాగుచేయుటకు తీరిక యుండదు. కావున ఏ భాగమునైనను త్వరగా ఊడదీసి మరియొకటి బిగించుటకు వీలుగా దీనిని నిర్మించిరి. సామాన్యమైన పానాలు చేతనున్నచో, కొద్దిపాటి తెలివి గలవాడు సయితము దీనిని విప్పగలడు. ఇది దీని గొప్ప సుగుణము. దీని దురదృష్టమును అదియే. ఎవరైనను బాగుచేయగల బండిని ఎనుబది యేండ్లలో ఎవరెవరో బాగుచేసిరి. అమెరికా కొలతల మర గల బోల్టు పోయినచోట బ్రిటిషు మర గలదానిని ఒకరు బలవంతముగా బిగించిరి. అదియు అరిగినపుడు మరియొకరు రంధ్రమును పెద్దది చేసి మిల్లీమీటర్ల బోల్టును దూర్చిరి. అందుచేత మా జీపు ముందు భాగము విప్పుటకు మూడు జతల పానాలు కావలెను. దాని పేరు చెక్కిన రేకు ఏనాడో ఊడిపోయినది. చట్రము ఒక కంపెనీది, ఇంజను వేరొకదానిది అయి యుండవచ్చునని మా మేస్త్రీ అభిప్రాయము. ఏ కర్మాగారమును నిందించుటకును నాకు ఆధారము లేదు.

ఒక చిన్న ఉదాహరణము. యుద్ధకాలపు జీపులలో ఎడమవైపు చక్రముల నట్లు ఎడమ మరతో నుండును. బండి సాగునపుడు చక్రము తిరుగుడునకు నట్టు వదులు కాకుండవలెనని వారి తలంపు. లోకములోని నట్లన్నియు ఒకవైపు త్రిప్పిన వదులగుచుండగా, ఇవి మాత్రము అటు త్రిప్పినకొలది బిగియును. 1998లో పంక్చరు వేయు కుర్రవాడొకడు ఇది యెరుగక, నట్టు రానందున పానాకు ఇనుప గొట్టము తొడిగి, దానిపై నిలబడి గెంతెను. బోల్టు పటుక్కున విరిగినది. "తుప్పు పట్టిందండీ" అని వాడు రెండవదానిపై కెక్కెను. నేను టీ కొట్టునుండి పరుగెత్తి వచ్చునప్పటికి మూడు విరిగినవి. వానికి చెప్పకుండ టీకి పోయిన తప్పు నాది.

ఇక విద్యుత్తు సంగతి. ఈ కాలపు కార్లలో బ్యాటరీ 12 వోల్టులది. ఆ జీపులలో 6 వోల్టులే. వోల్టులు సగమైనపుడు అదే పని జరుగుటకు తీగలలో విద్యుత్తు రెట్టింపుగా ప్రవహింపవలెను. అట్లు ప్రవహించునపుడు తీగలలోను, అతుకులలోను వేడిగా మారిపోవు నష్టము రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లగును. కావున ఇతర బండ్లలో లెక్కకు రాని చిన్న మకిలి ఇందులో ప్రాణాంతకమగును. ఒక వర్షాకాలమున మా జీపు సెల్ఫు నొక్కిన మూలిగి ఊరకుండెడిది. కొత్త బ్యాటరీ కొంటిని, మూలుగు మానలేదు. సెల్ఫు మోటారు విప్పించి చుట్లు చుట్టించితిని. కొంత మెరుగనిపించి మూడవనాడు మరల మొదటికి వచ్చినది. కడకు దొరికిన దోషమేమనగా, ఇంజనును చట్రముతో కలుపు అల్లిక తీగ బోల్టు క్రింద కాసిని తుప్పు పేరుకొన్నది. అర్ధరూపాయి గరుకు కాగితముతో రుద్దగా బండి గర్జించి లేచినది. అంతకుముందు వెచ్చించిన తొమ్మిదివేల రూపాయల మాట మా యింటిలో నేటికిని ఎత్తకూడదు.

ఎండకాలపు జబ్బు వేరు. ఏప్రిలు, మే నెలలలో ఘాటు రోడ్డు ఎక్కునపుడు, సగము కొండ నడుమ ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోవును. పెట్రోలు నిండుగ నుండును, ప్లగ్గు నిప్పు రవ్వ చక్కగా నిచ్చును, అయినను కదలదు. దీనికి కారణము పెట్రోలు దారిలోనే ఆవిరియగుట. పెట్రోలు ఒకే ద్రవము కాదు. అనేక ద్రవముల మిశ్రమము. వానిలో తేలికయైనవి మన వేసవి వేడికే మరుగుటకు సిద్ధముగా నుండును. టాంకు డ్రైవరు ఆసనము క్రింద నున్నది. పంపు ఇంజనుకు బిగించి, పొగగొట్టమునకు దాపుననే యున్నది. పంపు పీల్చునపుడు గొట్టములో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గిన ద్రవము ఇంకను తక్కువ వేడికే మరుగును. పంపునకు ద్రవమును త్రోయుట తెలియును కాని ఆవిరిని త్రోయుట తెలియదు. గాలి చొరబడిన బోరింగును ఎంత కొట్టినను నీరు రాని విధమును మీరు చూచియే యుందురు. పంపుపై తడిగుడ్డ కప్పి, చెట్టునీడన అరగంట కూర్చుండుటయే దీనికి మందు. ఈ మధ్య మరియొక చిక్కు వచ్చినది. 2025 నాటికి నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు దేశమంతట వ్యాపించినది. ఇథనాలు నీటిని తనలోనికి లాగుకొనును. పాతకాలపు రబ్బరును ఉబ్బించి చెరచును. నెలలతరబడి పాకలో నిలిచియుండు బండికి ఇది మంచిది కాదు. రెండేండ్లలో రెండుమారులు పంపు లోపలి పొరను మార్చితిని.

అన్నిటిని మించి భయపెట్టునది ముందు చక్రముల వణకు. గంటకు 50, 55 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా రోడ్డుమీద చిన్న గుంత తగిలిన చాలును, ముందు చక్రములు దయ్యము పట్టినట్లు కుడియెడమలకు ఊగును. స్టీరింగు చేతులను విదలించి కొట్టును. చక్రమునుండి స్టీరింగు వరకు ఏడెనిమిది కీళ్లున్నవి. ఒక్కొక్కదానిలో వదులు వెండ్రుకవాసియే. అవన్నియు కూడినపుడు స్టీరింగు వద్ద బెత్తెడు వదులు తేలును. ఉయ్యెలను సరియైన అదనున మెల్లగా తట్టుచుండిన ఎట్లు ఊపు పెరుగునో, అట్లే ఒక వేగమున చక్రముల ఊపు తనంత తాను పెరుగును. బ్రేకు గట్టిగా త్రొక్కక, పెట్రోలు వదలి మెల్లగా వేగము తగ్గించుట మంచిది. మేస్త్రీలు సాధారణముగా ఎక్కువ అరిగిన కీలొకటి మార్చి పంపుదురు. కొత్తకీలు బిగువుగా నుండుటచే కొన్నాళ్లు బాగుండును. ఆ పిదప పాతకీళ్లలో నొకటి వంతు తీసుకొనును. అన్నిటిని ఒక్కమారు మార్చుటయే ధర్మము. దానికి వలయు ధనము ఒక్కమారు చేతనుండుట అరుదు.

బండి దోషము కాక మన అజ్ఞానము వలన కలుగు కష్టములును గలవు. నాలుగు చక్రములకును బలమిచ్చు గేరు బురదకు, ఇసుకకు ఉద్దేశింపబడినది. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకంటె పెద్ద వలయము చుట్టవలెను. కాని ఈ గేరు రెంటిని ఒకే లెక్కకు కట్టివేయును. బురదలో చక్రము కొంచెము జారి ఆ తేడాను సర్దుకొనును. తారురోడ్డుపై జారుటకు వీలులేక, ఇరుసులలో పురి పెట్టిన త్రాడువలె బిగువు పెరుగును. అప్పుడు గేరు తీయబోయిన రాదు. మా తమ్ముడు దానిపై సుత్తి ఎత్తెను. నాలుగు గజములు తిన్నగా వెనుకకు నడిపినచో పురి విడి, గేరు వ్రేలితో తీసినట్లు వచ్చును.

ఇంతవరకు చెప్పినవి నవ్వుకొనదగిన కష్టములు. 2016 ఆగస్టులో జరిగినది అట్టిది కాదు. మా జీడిమామిడి తోట కొండదిగువన వాగు కావల నున్నది. ఒక సాయంకాలము తోట కాపరి టెలిఫోను చేసెను. "బాబుగారూ, కోడలికి నొప్పులొచ్చాయండి. వాగు పారతంది. బండి తెస్తారా?" అనెను. ఈ పనికి కాక మరి దేనికి ఆ బండిని యిన్నాళ్లు మేపితినని బయలుదేరితిని. పోవునపుడు వాగు మోకాలిలోతు, దాటినాను. ఆమెను, ఆమె తల్లిని ఎక్కించుకొని తిరిగి వచ్చునప్పటికి అది తొడలోతున నుండెను.

లోతు నీటిలో దిగుటకు ముందు ఫ్యాను బెల్టును తీసివేయవలెను. లేనిచో ఫ్యాను నీటిని ఇంజనుపై చిమ్మును. డిస్ట్రిబ్యూటరు తడిసిన ప్లగ్గులకు నిప్పు అందదు. మెల్లగా, ఒకే వేగమున నడుపవలెను. ఇవి రెండును నాకు తెలియును. తొందరలో బెల్టు తీయలేదు. భయముచే వేగముగా పోనిచ్చితిని. నడివాగులో ఇంజను ఆగిపోయినది. కాపరి కొడుకు మారుమాటాడలేదు. వారు దుప్పటిని కర్రకు కట్టి డోలీ సిద్ధముగానే యుంచుకొనిరి. జీపు వచ్చుచున్నదని తెలిసియు సిద్ధము చేసికొనిరి! నలుగురు ఆమెను ఎత్తుకొని వాగు దాటి, మూడు కిలోమీటర్లు నడచి తారురోడ్డు చేరిరి. అచ్చటికి 108 వాహనము వచ్చినది. నేను నీటిలో నిలబడి, నోట టార్చి కరచుకొని, డిస్ట్రిబ్యూటరు మూతను కండువాతో తుడుచుచుంటిని. నలుబది నిమిషములకు ఇంజను లేచినది. ఆసుపత్రి చేరునప్పటికి ఆడపిల్ల పుట్టినది, తల్లియు క్షేమము. వరండాలో కాపరి లేచి నిలబడి, "బండి బాగుందా బాబూ?" అని అడిగెను. నాకు మాట రాలేదు.

ఆ నీరు మరునెలలోగాని తన పని చూపలేదు. నడచి వేడెక్కిన ఇరుసు చన్నీట మునిగినపుడు లోపలి గాలి ముడుచుకొని, సీళ్ల సందునుండి నీటిని పీల్చును. ఇరుసు నూనె విప్పిచూడగా మజ్జిగవలె నుండెను. బేరింగులు అప్పటికే గరుకెక్కినవి. వాగు దాటిన వారములోనే నూనె చూచుకొనవలెనని శ్రోతలలో జీపు గలవారెవరైన నున్న గుర్తుంచుకొందురు గాక.

మా పాత మేస్త్రీ చెవి ఆనించి జబ్బు చెప్పెడివాడు. ఆయన కన్ను మందగించి షెడ్డు మూసివేసెను. కొత్త షెడ్డులోని యువకుడు చురుకైనవాడే, కాని బండిచుట్టు రెండుమారులు తిరిగి, "దీనికి స్కానరు వైరు ఎక్కడ పెట్టాలండి?" అని అడిగెను. విడిభాగములు దొరకకపోలేదు. దొరికినవానిలో అసలేదో నకలేదో బిగించిన ఆరుమాసములకు గాని తేలదు.

పదునైదేండ్లు దాటిన సొంతబండికి అయిదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారము, ఏబదియేండ్లు మించిన బండిని 20,000 రూపాయల రుసుముతో వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. కాని నిత్యావసరములకు నడుపరాదు. "నాన్నా, అదే మేలు. రంగేయించి అలా ఉంచేద్దాం, మనకి ఖర్చు తప్పుతుంది" అని హైదరాబాదునుండి మా అబ్బాయి అనుచున్నాడు. వాని లెక్కలో తప్పు లేదు. అయితే ఆ వాగుపై నేటికిని వంతెన లేదు. కాపరి మనుమరాలు వానకాలమున బడికి పోవుటకు దారి అదియే.

ప్రస్తుతము ముందు ఇరుసుమీది స్టీరింగు కీలుబిళ్ల సూది అరిగి, జీపు పాకలో దిమ్మెలపై నున్నది. ఈమారు కీళ్లన్నిటిని ఒక్కసారే మార్చదలచి డబ్బు కూర్చితిని. ఫ్యాను బెల్టు విప్పు పానాను ప్రత్యేకముగా త్రాడుతో స్టీరింగునకు కట్టితిని. సూదిని కొత్తగా తయారుచేసి మంగళవారమున ఇత్తునని లేతు మేస్త్రీ చెప్పెను. ఏ మంగళవారమో చెప్పలేదు.