యాజలి గణితవేత్త లెక్కలో ఆరో సంఖ్య ఎక్కడ?

ఆరు పదులు నిండితే షష్టిపూర్తి. ప్రభవ మొదలు అక్షయ వరకు తెలుగు సంవత్సరాలు అరవై. రోజుకు గడియలు అరవై. ఇంతగా వాడుకలో ఉన్న 60కి మరో విశేషం కూడా ఉంది. దాన్ని వెలికితీసిన వారిలో ఒకరు మన కృష్ణా డెల్టా బిడ్డే.

ఆయన ప్రొఫెసర్ మతుకుమల్లి వెంకట సుబ్బారావు. నేటి బాపట్ల జిల్లాలోని యాజలిలో 1921లో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. అక్కడా, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు. 1963లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే స్థిరపడ్డారు.

ఇంతకీ 60లోని విశేషం ఏమిటి? 60ని 4తో భాగిస్తే 15 వస్తుంది. 4కూ 15కూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. కనుక 4ను తీసుకోవాలి. 2తో భాగిస్తే 30 వస్తుంది. ఈ రెండింటినీ 2 భాగిస్తుంది కనుక 2ను వదిలివేయాలి. ఇలా ఏరితే 60 కాక మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20. వీటిని కూడితే సరిగ్గా 60!

ఇలాంటివాటికి ‘యూనిటరీ పర్ఫెక్ట్’ సంఖ్యలని పేరు. 1966లో సుబ్బారావు, వారెన్ అనే మరో గణితవేత్త కలిసి 6, 60, 90, 87360 అనే నాలుగింటిని ప్రకటించారు. బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఉండదని కూడా రుజువు చేశారు.

అయిదోది 1975లో ఛార్లెస్ వాల్ ప్రచురించారు. అది 146361946186458562560000. మొత్తం 24 అంకెలు! నూట నలభై ఆరు కోట్ల కోట్ల కోట్లకు పైమాటే. పై పద్ధతిలో ఏరితే దీనికి తాను కాక 4095 కారణాంకాలుంటాయి. అన్నీ కూడితే మళ్లీ అదే సంఖ్య.

అన్నీ కూడనక్కరలేదు, దగ్గరి దారి ఉంది. 60 అంటే 4, 3, 5ల లబ్ధం. ఒక్కొక్కదానికి 1 కలిపితే 5, 4, 6. వీటి లబ్ధం 120, అంటే 60కి రెట్టింపు. రెట్టింపు వస్తే లెక్క సరిపోయినట్లే. 24 అంకెల సంఖ్య 262144, 625, 3, 7, 11, 13, 19, 37, 79, 109, 157, 313ల లబ్ధం. ఒక్కొక్కదానికి 1 కలిపి గుణిస్తే దీనికీ రెట్టింపే వస్తుంది. హైస్కూలు విద్యార్థి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే సరిచూసుకోవచ్చు.

ఈ అంకెలు ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. 625కు 1 కలిపితే 626, అంటే రెండు 313లు. 313కు 1 కలిపితే రెండు 157లు. 157కు 1 కలిపితే రెండు 79లు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా లెక్క చెడుతుంది. ఇలాంటివి అరుదుగా దొరకడానికి కారణం అదే.

ఆరోది ఇంతవరకు దొరకలేదు. లేదని ఎవరూ రుజువు చేయనూ లేదు. ఇవి కొన్నే ఉంటాయని సుబ్బారావు నమ్మకం. ఉన్నవి కొన్నేనా, అనంతమా అన్నది తేల్చినవారికి తలా 10 డాలర్లు ఇస్తామని ఆయన, పాల్ ఎర్డిష్, కార్లిట్జ్ ప్రకటించారు. కొత్త సంఖ్య చూపితే ఒక్కోదానికి 10 సెంట్లు తానిస్తానన్నారు సుబ్బారావు. ఇవి పొలం కొలిచే సెంట్లు కావు, డాలరులో నూరోవంతు నాణేలు!

నూట అరవైకి పైగా పరిశోధన వ్యాసాలు రాసిన ఆయన 2006 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ పది సెంట్ల లెక్క మాత్రం ఇంకా తేలలేదు.