లిపిడ్‌లు: కొవ్వు ఆమ్లాల నిర్మాణం, ద్రవీభవన స్థానం

రాజమహేంద్రవరంలో సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చూస్తే కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకొని ఉంటుంది. పక్కనున్న నువ్వుల నూనె మాత్రం పలచగానే ఉంటుంది. రెండూ ట్రైగ్లిజరైడ్‌లే. అంటే ఒక గ్లిసరాల్ అణువుతో మూడు కొవ్వు ఆమ్లాలు ఎస్టర్ బంధాల ద్వారా కలిసి, మూడు నీటి అణువులు తొలగిపోగా ఏర్పడినవే. తేడా కొవ్వు ఆమ్లాలలో ఉంది.

కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు 90 శాతం సంతృప్తమైనవి. 12 కార్బన్‌ల లారిక్ ఆమ్లమే మొత్తంలో సుమారు సగం. ద్విబంధాలు లేని ఈ గొలుసులు తిన్నగా ఉండి, దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి. నువ్వుల నూనెలో ఎక్కువగా ఉండే ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలకు 18 కార్బన్‌లు ఉన్నాయి. గొలుసు పొడవైతే ద్రవీభవన స్థానం పెరగాలి కదా అని మీకు సందేహం రావచ్చు, న్యాయమైన సందేహమే. అయితే వీటిలో వరుసగా ఒకటి, రెండు సిస్ ద్విబంధాలు ఉన్నాయి. ద్విబంధం వద్ద గొలుసు వంగడం వల్ల అణువులు దగ్గరగా చేరలేవు. పొడవు కన్నా ఇక్కడ వంపుదే పైచేయి. 18 కార్బన్‌లే ఉన్న సంతృప్త స్టియరిక్ ఆమ్లం సుమారు 69° సె. వద్ద కరిగితే, ఓలియిక్ ఆమ్లం సుమారు 13° సె. వద్దనే కరుగుతుంది.

కొబ్బరినూనె సుమారు 24° సె. వద్ద కరుగుతుంది కనుక చలికి గడ్డకట్టడం సహజమే. కానీ గడ్డకట్టినంత మాత్రాన అందులో కల్తీ లేదని అనుకోరాదు. పామాయిల్ కలిపినా పేరుకుంటుంది. అందుకే ప్రయోగశాలలో అయోడిన్ సంఖ్య చూస్తారు. 100 గ్రాముల నూనె గ్రహించే అయోడిన్ గ్రాముల సంఖ్య ఇది. అయోడిన్ ద్విబంధాల వద్దనే చేరుతుంది. ఈ సంఖ్య కొబ్బరినూనెకు 10 లోపు, పామాయిల్‌కు 50 పైచిలుకు, నువ్వుల నూనెకు 100 పైన ఉంటుంది.